పీట మీద కొలత

'తేలిక పని' అన్న మాట ఆ ఇంట్లో ఇంకొక్కసారి వినబడితే గిన్నెలు ఎగురుతాయని అత్తగారికి తెలుసు. అందుకే పొద్దున్నుంచీ ఆ మాట ఎత్తకుండా కూర్చుంది. కానీ గిన్నెలు ఎగరడానికి ఆ మాటే కావాలా? ఆ రోజుకి చెప్పులు సరిపోయాయి.

పెద్దకోడలి పాత రబ్బరు చెప్పులు కనబడడం లేదు. నీలం రంగువి, అంచున తెల్ల గీత ఉన్నవి. లాండ్రీలో ఎప్పుడూ నేల తడిగానే ఉంటుంది. జారకుండా ఉంటాయని పనికి వాటినే వేసుకెళ్ళేది. భుజం పట్టేసి సెలవు పెట్టాక వాటి ఊసే మరిచిపోయింది. రేపు పనిలోకి రావాల్సిందేనని, రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని కబురొచ్చాక ఇప్పుడు వెతుకుతోంది. మంచాల కింద చూసింది. బకెట్ల వెనక చూసింది. చూసిన చోటే మళ్ళీ చూసింది.

"ఈ ఇంట్లో నా వస్తువులకి కాళ్ళొస్తున్నాయి. మొన్న నా పని నడిచిపోయింది. ఇవాళ చెప్పులు."

ఎవరితోనూ అనలేదు. గోడతో అంది. కానీ ఆ గోడకి అవతల వంటింట్లో చిన్నకోడలు ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి చప్పుడు ఒక్క క్షణం ఆగి, ముందుకంటే వేగంగా మొదలైంది.

"పోతే పోయాయిలే అమ్మాయ్, పాతవేగా," అంది అత్తగారు. పొద్దున కూడా సరిగ్గా ఇదే మాట అంది. మామూలుగా అయితే చీపురుపుల్ల పోయినా ఇల్లంతా దులిపించే మనిషి.

తోటికోడళ్ళిద్దరిదీ ఒకే లాండ్రీ. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోటు. ఉతికిన దుప్పటి తడిబరువుతో బండిలో వస్తుంది. దాన్ని లాగి, మూలలు వెతికి పట్టుకుని, పైకెత్తి, వేడి రోలరు ముందున్న కడ్డీ మీద వెయ్యాలి. వేస్తూనే చిరుగు ఉందేమో, మరక మిగిలిందేమో చూడాలి. దుప్పటితోపాటు వేళ్ళు లోపలికి పోకుండా చూసుకోవాలి. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పని. పెద్దకోడలు అది చేసీ చేసీ కుడి భుజానికి నొప్పి తెచ్చుకుంది. చెయ్యి గుండెల ఎత్తు దాటి లేవకూడదన్నాడు డాక్టరు.

అప్పుడు లాండ్రీ వాళ్ళు ఒకావిడని పిలిపించారు. పని కొలిచే ఆవిడ. టేపు, తూకం కొక్కెం పట్టుకుని వచ్చి, చెయ్యి ఎంత ఎత్తు లేస్తోంది, ఎంత బరువు పడుతోంది, నడుం ఎంత వంగుతోంది, మనిషి ఎంత ధ్యాస పెట్టాలి అని ఒక పూటంతా కొలుచుకుని పోయింది. పనివాళ్ళు వెంటనే పేరు పెట్టేశారు, కొలతలమ్మ అని.

పెద్దకోడలు సెలవులో ఉంది కాబట్టి ఆ రోజు ఆ చోటులో చిన్నకోడలిని నిలబెట్టారు. కొలిచాక తేలింది ఏమిటయ్యా అంటే, చెయ్యి గుండెల ఎత్తు దాటనక్కర్లేదు, మనసుకి ఒత్తిడి లేదు, మొత్తానికి తేలిక పని. ఆ సంగతి సూపర్‌వైజరు ఆ రోజే పెద్దకోడలిని పిలిచి నవ్వుతూ చెప్పాడు. ఆ కడ్డీ నా నుదుటి ఎదురుగా ఉంటుంది కదండీ అంటే, కొలిచింది టేపమ్మా, నేను కాదు అన్నాడు.

అక్కడ పుట్టింది అనుమానం. ఎందుకంటే తోటికోడళ్ళిద్దరూ ఒకే ఎత్తు. ఒకరి బట్టలు ఒకరికి అతికినట్టు సరిపోతాయని అత్తగారు వీధంతా చెప్పుకుని మురిసింది. ఒకరి నుదుటికి తగిలే కడ్డీ ఇంకొకరి గుండెల దగ్గరికి ఎలా దిగింది? కడ్డీ దిగదు. మనిషే ఏదో మాయ చేసి ఉండాలి.

పెద్దకోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"కష్టంగా ఉందా అని ఆవిడ అడిగితే నువ్వేం చెప్పావు?"

"ఎన్నిసార్లు చెప్పాలక్కా. అలవాటైపోయిందండీ అన్నాను."

"ఎవరైనా అలా అంటారా?"

"అందరూ అలాగే అంటారు. మొన్న పక్కింటావిడ భుజం ఎలా ఉందని అడిగితే నువ్వేమన్నావు?"

పెద్దకోడలు కొంగు సర్దుకుంది. ఆమె కూడా అలవాటైపోయిందనే అంది. మనవాళ్ళంతే మరి. కాలు విరిగినవాణ్ణి పలకరించినా 'ఏదో, అలా నడిచిపోతోంది' అంటాడు. అది మర్యాదకి అనే మాట. ఆ మర్యాదని కొలతలమ్మ నిజమనుకుని రాసుకుంది.

"మనసుకి ఒత్తిడి లేదన్నది కూడా మర్యాదేనా?"

"మనసుకేముందండీ, చేతులే చేసుకుపోతాయి అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. రాసుకుంది." చిన్నకోడలు తరిగిన ముక్కల్ని గిన్నెలోకి తోసింది. "నేను సరదాకన్నాను."

"నా అన్నం మీద నీకు సరదా. ఆ చోటు నీకిస్తానన్నాడా సూపర్‌వైజరు?"

అనకూడని మాట అనేసింది. అన్న మరుక్షణం ఆమెకే తెలిసింది. కానీ వెనక్కి తీసుకోవాలంటే అహం అడ్డొచ్చింది. చిన్నకోడలు ఉల్లి నీళ్ళో ఏడుపు నీళ్ళో తెలియకుండా మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"అలా అనుకుంటే అనుకో," అని పొయ్యి వైపు తిరిగింది. ఆ తర్వాత వంటింట్లో పోపు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

వరండాలో పెద్దకోడలి మొగుడు చెక్కకి చిత్రిక పట్టి నున్న చేస్తున్నాడు. వడ్రంగి. ఈమధ్యే లాండ్రీ వాళ్ళు కట్టే కొత్త షెడ్డుకి తలుపులు, కిటికీల పని దొరికింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. కొలతలమ్మని వెళ్ళి కలుస్తానని పెళ్ళాం అంటే అతను తల ఎత్తకుండానే వద్దన్నాడు. పెద్దవాళ్ళతో మనకెందుకు, రేపు వెళ్ళి నిలబడు, నెమ్మదిగా అదే సర్దుకుంటుంది అన్నాడు.

"భుజం నాది. సర్దుకోవాల్సింది కూడా అదేనా?" అని ఆమె మెట్లు దిగింది.

కొలతలమ్మ కూర్చునేది ఒక చిన్న గదిలో. కుర్చీ వెనక నడుముకి తువ్వాలు మడిచి పెట్టుకుంది. పని కొలిచే మనిషికీ నడుంనొప్పేనన్నమాట అనుకుంది పెద్దకోడలు. అలా అనుకోగానే సగం భయం పోయింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. మీ టేపే తప్పని కూడా అనేసింది.

ఆవిడ కోప్పడలేదు. నేను మనిషిని కొలవను, పనిని కొలుస్తాను అని నిదానంగా చెప్పింది. ఆ పనికి ఎంత ఒళ్ళు కావాలో, ఎంత చూపు, ఎంత ధ్యాస కావాలో తన కొలత చెప్తుందట. మీ భుజం ఎంతవరకు లేస్తుందో డాక్టరు చెప్తాడు. రెండూ పక్కపక్కన పెట్టి, సరిపోతే రమ్మంటారు, లేకపోతే భుజం నయమయ్యేదాకా ఆ చోటు మీకే ఉంచాలి. అందులో ఒకటి తప్పయితే రెండోది ఒప్పయినా లాభం లేదు.

తర్వాత తన తువ్వాలే తీసి చేతికిచ్చింది. ఇది దుప్పటి అనుకోండి, ఈ గోడ దగ్గర నిలబడి కడ్డీ మీద వేసినట్టు చూపించండి అంది. పెద్దకోడలు నుదుటి ఎత్తుకి చెయ్యి లేపింది. లేపి, పళ్ళు బిగించి, దించేసింది. ఆవిడ గోడ మీద గుర్తు పెట్టి టేపు జార్చింది. కాసేపు టేపునే చూసింది.

"ఇంత ఎత్తా? మీరు నిలబడేది పీట మీదే కదా?"

"ఏ పీట మేడం?"

ఒకప్పుడు పీట ఉండేది. నిజమే. అంతకుముందు అక్కడ పనిచేసిన పొట్టావిడ వదిలేసి పోయిన పీట. దాని మీద నిలబడితే కడ్డీ గుండెల దగ్గరికి వచ్చేది. నేల మీద అడ్డం ఏదీ ఉండకూడదని సూపర్‌వైజరు దాన్ని తీయించేశాడు. ఆ సంగతీ ఆవిడకి చెప్పింది. అప్పటినుంచే చేతులు పైకి లేవడం, భుజం గుంజడం. ఒక పీట చేసిపెట్టమని ఆమె మొగుణ్ణి అడిగింది. చెక్క లేదన్నాడు. ఇంకోసారి అడిగితే రేపన్నాడు. వడ్రంగి ఇంట్లో పీట కరువని ఆమె నవ్వి ఊరుకుంది. ఊరుకున్నందుకు భుజం పోయింది.

కొలతలమ్మ ఆ రోజు తీసిన ఫోటో ఫోనులో చూపించింది. రోలరు ముందు చిన్నకోడలు, ఆమె కాళ్ళ కింద పీట. పాతది కాదు. కొత్తది, తెల్లటి చెక్క.

"ఎప్పట్నుంచో అక్కడ వాడుకలో ఉందన్నాడు మీ సూపర్‌వైజరు. కింద రబ్బరు కూడా వేశారు, జారదు. బాగుందని అదీ తీశాను," అని వేలితో పక్కకి జరిపింది.

తిరగేసిన పీట. నాలుగు కోళ్ళకీ నాలుగు రబ్బరు ముక్కలు. నీలం రంగు, అంచున తెల్ల గీత. ఒక ముక్క మీద నెలవంకలాగా కాలిన మచ్చ. ఇస్త్రీపెట్టె జారి పడినప్పుడు కాలింది అది. ఆ రోజు తన కాలు కాలలేదని సంబరపడింది కూడా.

పెద్దకోడలు ఫోను వెనక్కి ఇచ్చేసింది.

కొలతలమ్మ గొంతు మారింది. రేపు పొద్దున తాను లాండ్రీకి వస్తానంది. మళ్ళీ కొలుస్తానంది. లేని పీట మీద కొలిస్తే ఆ తప్పు తన నెత్తిన పడుతుందట. రేపు అందరి ముందూ మీరు చెప్పాలి అంది, ఏ పీట ఎప్పుడు పోయిందో, ఈ పీట ఎక్కడినుంచి వచ్చిందో. మీరు చెప్పకపోతే సూపర్‌వైజరు మాటే నిలుస్తుంది, నేనేం చెయ్యలేను అని కూడా అంది.

"ఇది ఎవరు చేశారో మీకేమైనా తెలుసా?"

"తెలీదు మేడం."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ అబద్ధం. పొద్దున్నుంచీ తోటికోడలిని అబద్ధాలకోరని తిట్టిన నోరే అది. బయటికొచ్చి వీధిలో నడుస్తుంటే ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. మొగుడి మీద వేసిందో లేదో ఇంకా తేల్చుకోలేదు.

ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్ళింది. చిన్నకోడలు గిన్నెలు తోముతోంది. పెద్దకోడలు పక్కన కూర్చుని తోమిన గిన్నె అందుకుని కడగడం మొదలుపెట్టింది, ఎడమ చేత్తో.

"ఆ రోజు నీ కాళ్ళ కింద పీట ఉందా?"

"ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగింది నా నోటి సంగతి. కాళ్ళ కింద సంగతి అడగలేదు." చిన్నకోడలు ఇంకో గిన్నె తీసుకుంది. "నేను వెళ్ళేసరికే అక్కడుంది. నువ్వొస్తున్నావని తెచ్చిపెట్టారేమో అనుకుని సంతోషించాను కూడా. ఆవిడ వెళ్ళిపోయాక సాయంత్రానికి లేదు. చెబుదామని ఇంటికొస్తే గుమ్మంలోనే నన్ను దొంగని చేశావు. ఇంకేం చెప్పను?"

పెద్దకోడలు తప్పయిపోయిందని అనాలనుకుంది. గిన్నె రెండోసారి కడిగింది.

వడ్రంగి సాయంత్రం షెడ్డు పని నుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. పెద్దకోడలు వడ్డించింది. అత్తగారు పక్కనే మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చుంది. చిన్నకోడలు తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"నా చెప్పులు దొరికాయి," అంది పెద్దకోడలు.

అతని చెయ్యి కంచం మీద ఆగింది. అత్తగారు గ్లాసు కింద పెట్టేసింది.

"ఎక్కడ?" అన్నాడు.

"పీట కింద."

అతను తల ఎత్తలేదు. ముద్ద కలిపాడు. కలిపిన ముద్దనే మళ్ళీ కలిపాడు. చెయ్యలేదని అంటాడేమో, ఏ పీట అని అడుగుతాడేమో అని ఆమె ఎదురుచూసింది. అడిగి ఉంటే ఎంత బాగుండేదో.

"సూపర్‌వైజరు అడిగాడు," అన్నాడు చివరికి. "నువ్వు మళ్ళీ పనిలోకి వస్తావు, నీకు ఎత్తు చాలదు, ఒక పీట చేసిపెట్టమన్నాడు. చేశాను. నీ కోసమే కదా."

నమ్మాలని ఉంది ఆమెకి. ఒట్టు, ప్రాణం పెట్టి నమ్మాలని ఉంది. నా మొగుడు మంచివాడు, అమాయకుడు, సూపర్‌వైజరు మాటకి మోసపోయాడు అని అక్కడే అనేసుకుని, మజ్జిగ పోసేసి, దీపం ఆర్పి పడుకోవాలని ఉంది. జారకుండా రబ్బరు వేసిన మనిషి చెడ్డవాడు ఎలా అవుతాడు?

"నా కోసమే అయితే నాకెందుకు చెప్పలేదు?"

అతను ఊరగాయ ముక్కని కంచం అంచుకి జరిపాడు.

"నేను అడిగినప్పుడు చెక్క లేదన్నారు. వాడు అడిగితే ఎక్కడినుంచి వచ్చింది?"

"షెడ్డు చెక్కే," అన్నాడు గొణుగుతూ. అని, అనకుండా ఉండాల్సిందని వెంటనే తెలుసుకున్నాడు.

అంటే అప్పటికే షెడ్డు చెక్క అతని చేతిలో ఉంది. పెద్దకోడలి మనసులో ఇన్నాళ్ళుగా విడివిడిగా పడున్న ముక్కలు ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరాయి. తలుపుల పని దొరికిందని ఇంటికొచ్చి చెప్పిన రోజు. కొలతలమ్మ వస్తుందని కబురొచ్చిన రోజు. వెళ్ళి ఆవిడని కలవద్దని తల ఎత్తకుండా అన్న మాట.

"ఒక్కటి చెప్పండి. తలుపుల పని ముందొచ్చిందా, పీట ముందా? పీట చేస్తేనే తలుపులు ఇస్తానన్నాడా?"

అతను సగం అన్నం వదిలేసి లేచాడు. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినవాడు చాలాసేపు రాలేదు. అత్తగారు కొడుకు కంచం వైపు చూసింది, కోడలి వైపు మాత్రం చూడలేదు. అన్నం అలా వదిలేస్తే ఊరుకోని మనిషి, ఆ రోజు ఊరుకుంది.

తెల్లారింది. ఇంట్లో అందరూ ఒకరికొకరు తగలకుండా తిరిగారు. కొలతలమ్మ ఈపాటికి బయలుదేరి ఉంటుంది. నిజం చెప్తే పెద్దకోడలి పని నిలుస్తుంది, మొగుడి పని పోతుంది. చెప్పకపోతే నుదుటి ఎత్తు కడ్డీ కింద ఇవాళే నిలబడాలి. ఉన్న భుజం కాస్తా ఊడిపోతుంది. ఇందులో తేలిక పని ఏదో ఏ టేపుతో కొలుస్తారో ఆమెకి తెలియలేదు.

గుమ్మం దగ్గర వట్టి కాళ్ళతో నిలబడింది. చిన్నకోడలు వచ్చి తన రబ్బరు చెప్పులు కాలితో ముందుకి జరిపింది.

"ఇవి వేసుకో. నాది మధ్యాహ్నం షిఫ్టు. అప్పటికి వేరేవి చూసుకుంటా."

"నిన్న నేనన్నది..."

"తర్వాత తిడతాలే నిన్ను తీరిగ్గా. ముందు వెళ్ళు."

అవి కూడా సరిగ్గా సరిపోయాయి. పెద్దకోడలికి ఏడుపొచ్చింది, కానీ ఇప్పుడు కాదనుకుంది.

వడ్రంగి వరండాలో చెక్క ముందు కూర్చున్నాడు. చేతిలో చిత్రిక ఉంది. అది కదలడం లేదు.

"ఆ పీట ఎవరు చేశారని అడుగుతారు," అన్నాడు.

"నిన్ననే అడిగారు."

అతను మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "ఏం చెప్పావు?"

"తెలీదన్నాను."

అతని భుజాలు కిందికి దిగాయి, బరువు దించుకున్నవాడిలా. అది చూసి ఆమెకి ఒళ్ళు మండింది. అబద్ధం ఆడినందుకు కాదు. ఆమె ఆడిన అబద్ధం అతనికి అంత హాయిగా ఉన్నందుకు.

"అది నిన్నటి మాట," అని మెట్టు దిగింది.

సందు చివర పనివాళ్ళని ఎక్కించుకునే లాండ్రీ వ్యాను వచ్చి ఆగి హారన్ కొట్టింది. ఆమె రెండో మెట్టు మీద ఉండగా వెనక తలుపు చప్పుడైంది. అత్తగారు గడప పట్టుకుని నిలబడింది. రాత్రంతా నిద్రపోనట్టుంది మొహం.

"ఆగమ్మాయ్. వాణ్ణి ఒక్కణ్ణే అనకు. ఆ చెప్పులు తీసి వాడి చేతికిచ్చింది నేను."

పెద్దకోడలు తిరిగి చూసింది. వడ్రంగి కూడా చిత్రిక కింద పెట్టేసి తల్లి వైపు తిరిగాడు. వద్దన్నట్టు తల ఊపాడు.

"సూపర్‌వైజరు ముందు వచ్చింది వాడి దగ్గరికి కాదు," అంది అత్తగారు. "నా దగ్గరికి. ఎందుకొచ్చాడో విని, అప్పుడు వెళ్ళు."

వ్యాను రెండోసారి హారన్ కొట్టింది.